ఓడిలాన్ తుపాకికి నిలవని పూత

లోకంలో ఏ పూతా ఏడాదికి మించి నిలవదని ఓడిలాన్ సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని నిరూపించడానికి ఏటా మార్చి మొదటి సోమవారం తన ఒంటి గొట్టం తుపాకిని గోనెలో చుట్టుకుని, తుపాకులకు పూత పూసే క్లోవిస్ కొట్టుకు వచ్చేవాడు. బల్ల మీద దబ్బున పడేసి, ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అడిగేవాడు.

"ఏదయ్యా మన్నిక?"

క్లోవిస్ గోనె విప్పేవాడు. తుపాకి ఎర్రగా, పులుసులో ఊరిన చేపలా ఉండేది.

లూసియానా ఉప్పునీటి చిత్తడి నేలల్లో ఇనుముకు ఆయుష్షు తక్కువే. ఉదయం తుడిచిన తలుపు గొళ్ళెం సాయంత్రానికి రంగు మారుతుంది. కాని క్లోవిస్ పూత పూసిన తుపాకులు ఊళ్ళో రెండు వందలున్నాయి. వాటిలో ఒక్కటీ ఇలా తిరిగిరాలేదు. ఓడిలాన్‌ది మాత్రం ఏటా పుట్టింటికొచ్చే ఆడపడుచు. "వాడి చెయ్యి తగిలితే బంగారానికైనా తుప్పు పడుతుంది" అని కాఫీ కొట్టులో రొయ్యల పడవలవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ తుపాకిని ఓడిలాన్ నూట పది డాలర్లకు పాతబజారులో కొన్నాడు. మొదటి ఏడాది క్లోవిస్ దానికి నీలి పూత వేశాడు, నూట యాభై. నీలి పూత చూడ్డానికి అందం. నూనె రాయడం మరిచిపోతే ఉప్పుగాలికి నెల తిరక్కుండా లొంగిపోతుంది. రెండో ఏడాది బూడిదరంగు ఫాస్ఫేటు పూత. ఆ తరవాత ఓవెన్లో కాల్చే సెరామిక్ పూత, రెండు వందల యాభై. ఆ తరవాత ఫాస్ఫేటు మీద సెరామిక్, మూడు వందల యాభై.

"తుపాకి కంటే దాని చొక్కాలకే ఎక్కువ తగలేశావు. కొత్తది కొనుక్కోరాదట్రా?" అన్నాడు క్లోవిస్ ఒకసారి.

"కొత్తదానికి తుప్పు పట్టదని రాసిస్తావా?"

"ఈ గీతలేమిటి?"

"పడవలో దొర్లింది."

"నువ్వు పడవ అమ్మేసి మూడేళ్ళయింది కదరా!"

"ఇంకొకడి పడవలో దొర్లకూడదా?"

తుపాకి ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. పని పూర్తయ్యే మూడు వారాలూ రోజూ వచ్చి ముక్కాలి పీట మీద కూర్చునేవాడు, పర్యవేక్షణకు. వచ్చేటప్పుడు గిన్నెడు గంబో పులుసు తెచ్చేవాడు. గాలిగొట్టంతో ఇసుక చిమ్మి తుప్పు రాలుస్తుంటే "మెల్లిగా, అది నీ అత్తగారు కాదు" అనేవాడు. పూత జల్లుతుంటే "అక్కడ పలచనైంది" అనేవాడు. ఓవెన్ ముందు నిలబడి, కేకు పొంగిందా అని చూసే కొత్త కోడలిలా మాటిమాటికీ తలుపు తెరవబోయేవాడు.

"తెరిచావంటే నిన్నూ అందులో పెట్టి కాలుస్తాను."

"కాల్చు. నేనూ ఏడాదే ఆగుతాను."

క్లోవిస్‌కు అరవై ఎనిమిదేళ్ళు. పొద్దున్నే కొట్టు తలుపు ఎత్తుతుంటే ఆ తలుపు ఏటేటా బరువెక్కుతున్నట్టుండేది. భార్య నెల్వా పోయి ఏడేళ్ళు దాటింది. "ఒక్కడివీ ఆ నూనె కంపులో ఏం చేస్తావు, నా దగ్గరికి వచ్చెయ్" అని లఫాయెట్ నుంచి అక్క ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. చేతిపని మీద గర్వం ఒక్కటే అతన్ని పట్టి ఉంచింది. ఆ గర్వాన్ని ఏటా ఒకడు గోనెలో చుట్టుకొచ్చి బల్ల మీద పడేస్తుంటే ఎన్నాళ్ళని ఓర్చుకుంటాడు?

ఎనిమిదోసారి క్లోవిస్ గోనె విప్పాడు. అలసటగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇదే ఆఖరు. నాకు తెలిసిన విద్యంతా దీని మీద పెడతాను. ఏడాదిలో దీనికి తుప్పు పట్టిందా, నాకు పని రానట్టే. కొట్టు మూసేసి అక్క దగ్గరికి పోతాను."

ఆ మూడు వారాల్లో ఓడిలాన్ ఒక్క వంక పెట్టలేదు. "బాగుంది, చాలా బాగుంది" అంటూ పీట మీద ముడుచుకుని కూర్చుంటే, వీడికి జ్వరమేమోనని క్లోవిస్‌కు అనుమానం వచ్చింది.

మరుసటి ఏడు మార్చి మొదటి సోమవారం వచ్చింది. ఓడిలాన్ రాలేదు. మంగళవారం రాలేదు. రెండో వారమూ గడిచింది. కొట్టులో మరీ నిశ్శబ్దంగా ఉంది. మూడో సోమవారం క్లోవిస్ కాళ్ళీడ్చుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాడు.

ఓడిలాన్ భార్య యూలా తలుపు తీసింది. "రావయ్యా, సమయానికొచ్చావు. లోపలికొచ్చి నా సవతిని చూడు."

పడకగదిలో మంచం మీద, కుట్టుదుప్పటి కింద, గొట్టం బయటికి పెట్టుకుని తుపాకి పడుకుని ఉంది.

"పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి నూనె గుడ్డతో తుడుస్తాడు. వానొస్తే కిటికీ తియ్యనివ్వడు. నేను ఏడాదిగా సోఫాలో పడుకుంటున్నాను" అంది యూలా.

"మరి అన్నేళ్ళూ ఎందుకు తుప్పు పట్టింది?"

"పట్టక? ఆల్చిప్పతో గీకి, పీతల తొట్టి ఉప్పునీళ్ళలో వారం నానేస్తే పట్టక?" నాలిక కరుచుకుంది గాని, కరుచుకున్నా ఆగలేదు. "నెల్వా పోయినప్పుడు నువ్వు నాలుగు నెలలు తలుపు తియ్యలేదు. ఎవరు పిలిచినా పలకలేదు. ఈయన తుప్పు తుపాకి పట్టుకొచ్చి తలుపు బాదితే, తిట్టడానికి లేచొచ్చావట. తిట్టి, తుపాకి లాక్కుని, పొయ్యి వెలిగించావట. ఇంటికొచ్చి, 'దొరికిందే మందు! ఏటా ఒక మోతాదు వెయ్యాలి' అన్నాడు."

వెనక అడుగుల చప్పుడైంది. ఓడిలాన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో నూనె గుడ్డ.

"తుప్పు లేదు," అన్నాడు భయంగా. "చూసుకో. ఎక్కడా లేదు. కొట్టు మూయక్కర్లేదుగా?"

క్లోవిస్ తుపాకిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. గొట్టం కొస నుంచి మడమ దాకా చూశాడు. వంక పెట్టడానికి వీల్లేని పని. ఎనిమిదేళ్ళుగా చూడాలనుకున్నది ఇదే.

"మూయక్కర్లేదు," అన్నాడు.

"అయితే ఇంక నేను కొట్టుకు రావలసిన పనీ లేదన్నమాట," అన్నాడు ఓడిలాన్, గుడ్డను వేళ్ళకు చుట్టుకుంటూ.

క్లోవిస్ తుపాకిని మళ్ళీ వెలుగులోకి తిప్పాడు. గుండు పేల్చే ఘోడా పక్కన బొటనవేలు పెట్టాడు.

"ఇక్కడ సరిగ్గా అంటలేదు."

ఓడిలాన్ ముక్కు ఆనేంత దగ్గరికి వంగాడు. "నాకేం కనపడ్డం లేదే."

"నీకు కనపడితే కొట్టు నువ్వే పెట్టేవాడివి. పొరపాటు నాదే. మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. మూడు వారాలు పడుతుంది, నెలైనా పట్టచ్చు." ముప్ఫై ఏళ్ళ వృత్తిలో తన పనికి తప్పు పట్టుకోవడం క్లోవిస్‌కు అదే మొదలు. "రేపు పట్టుకురా."

"రేపటిదాకా ఎందుకు?" అంది యూలా, అప్పటికే దిండు చంకన పెట్టుకుని. "ఇప్పుడే పట్టుకుపోండి. దుప్పటి మాత్రం ఇక్కడుంచండి."