చెరిసగం బీపీ గోలీలు

ఆ ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే మా ఆయన దానియేలుకు బూట్లు పట్టలేదు. అవే బూట్లు, అవే కాళ్లు. "వానకు తడిసి బిగిసినయేమో," అంటూ వేలు పెట్టి సాగదీస్తున్నాడు. "బూట్లు కాదయ్యా, నీ పాదాలు సూడు," అన్నాను. చీలమండ దగ్గర నొక్కితే గుంట పడింది. వేలు తీసినా ఆ గుంట పోలేదు. చెప్పులేసుకుని చర్చికి వచ్చాడు. పాటలు పాడుతున్నంతసేపూ నా చూపు ఆయన పాదాల మీదే ఉంది.

మాది జనగామ దగ్గరి పల్లె. బతుకుదెరువుకు హైదరాబాద్ వచ్చాక నాచారంలో మా ఆయన, మా మరిది ప్రభాకర్ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే షెడ్డులో పనిచేసేవాళ్లు. మా ఆయన పర్మినెంటు కాబట్టి కార్మికుల బీమా కార్డు ఉండేది. డిస్పెన్సరీలో డాక్టరు, మందులు ఉచితం. ప్రభాకర్ కాంట్రాక్టు కింద పని. రూలు ప్రకారం అతనికీ కార్డు రావాలట. అడిగినప్పుడల్లా కాంట్రాక్టరు "వచ్చే నెల చేపిస్త తమ్మీ," అనేవాడు. ఆ వచ్చే నెల ఎన్నడూ రాలేదు.

ఒకసారి ఫ్యాక్టరీలో క్యాంపు పెట్టి అందరికీ బీపీ చూశారు. అన్నదమ్ములిద్దరికీ ఎక్కువే ఉంది. వాళ్ల నాయన పక్షవాతంతో పోయిన మనిషి, అందుకని ఇద్దరూ భయపడ్డారు. సర్కారు దవాఖానకు పోతే ప్రభాకర్‌కు ఆ రోజు కూలి పోతుంది. అందుకే మా ఆయన నెల మొదట్లో గోలీలు తెచ్చి, కత్తెరతో షీటును మధ్యకు కత్తిరించి, సగం తమ్ముడి జేబులో పెట్టేవాడు. ఇద్దరూ రోజు విడిచి రోజు వేసుకునేవాళ్లు. మా గల్లీలో ఇది వింత కాదు. ఒకరికి కార్డుంటే నలుగురికి మందు. "అన్నంటే నువ్వేనయ్యా," అని నేనూ ఆటపట్టించేదాన్ని.

డిస్పెన్సరీ డాక్టరుకు మాత్రం అంతుపట్టలేదు.

"గోలీ రోజూ వేసుకుంటున్నవా?"

"ఏసుకుంటున్న సార్."

"మరి బీపీ ఎందుకు దిగుతలేదు?"

డోసు పెంచాడు. ఆ పెద్ద గోలీలను కూడా వీళ్లు పంచుకున్నారు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. "నాకేమైతది, ఎద్దు లెక్కున్న," అనేవాడు మా ఆయన. లోపల జరిగేది జరుగుతూనే ఉంది.

బూట్లు పట్టని ఆ వారమే ఏఎస్ రావు నగర్‌లో రక్తం, మూత్రం పరీక్షలు చేయించాం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగా పెరిగి ఉండటం చూసి ల్యాబ్ అమ్మాయి మొహం మారింది. "ఇయ్యాల్నే డాక్టర్‌కు సూపెట్టున్రి ఆంటీ," అంది. ఉప్పల్‌లో కిడ్నీ డాక్టరు స్కానింగ్ చేయించి, "రెండు కిడ్నీలూ చిన్నగయిపోయాయి. గోలీలు మానేశాడా?" అని అడిగారు. మానలేదని చెప్పాం. అది నిజమే. పంచుకున్న సంగతి కూడా చెప్పాక, ఆయన స్కానింగ్ రిపోర్టు మా వైపు తిప్పి, "ఇది ఇర్రివర్సిబుల్ అమ్మా," అన్నారు. నాకర్థం కాలేదు. బయటికి వచ్చాక నర్సు చెప్పింది: "ఎనుకకు రాదక్కా."

డయాలసిస్ మొదలైంది. మెడకు పెట్టిన క్యాథెటర్ గొట్టానికి ఇన్ఫెక్షన్ వచ్చి, చలిజ్వరంతో మంచం ఊగేలా వణికాడు. తర్వాత డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేశారు. షిఫ్టు చేయలేక ఉద్యోగం పోయింది, దానితో బీమా కార్డూ పోయింది. అప్పటికి తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు సర్కారు కొత్త పథకం తెచ్చింది కాబట్టి మషీన్ ఆగలేదు. అది లేకుంటే మా ఆయన ఈ రోజు లేడు, ఒప్పుకుంటాను. అయినా నాకు కోపం పోదు. మా మరిదికి గోలీ ఇచ్చే దిక్కు లేదు, కిడ్నీ పోతే మాత్రం అంత పెద్ద మషీన్ ఉచితం. చేతులు కాలాక ఆకులు పంచుతున్నారు.

కిడ్నీ ఇచ్చేవాళ్లుంటే మార్చవచ్చని డాక్టరు అన్నారు. నాకు షుగర్, పనికిరానన్నారు. ప్రభాకర్ ముందుకొచ్చాడు. "అన్న తన గోలీలల్ల సగం ఇచ్చిండు వదినా. నాకు రెండున్నయి, ఒకటి ఇయ్యనా?" అన్నాడు. బ్లడ్ గ్రూప్ కలిసింది. ఆ రోజు మా ఇంట్లో చాలా రోజులకు నవ్వులు వినిపించాయి. "ఇగ నా మాట ఇనకుంటే కిడ్నీ వాపస్ తీసుకుంట," అని తమ్ముడు అన్నను బెదిరించాడు కూడా.

మిగతా రిపోర్టులు వచ్చిన రోజు డాక్టరు మమ్మల్ని కూర్చోమన్నారు. ప్రభాకర్ బీపీ చాలా ఎక్కువ, మూత్రంలో ప్రోటీన్ పోతోంది, అంటే అతని కిడ్నీలూ దెబ్బతింటున్నట్టే.

"అమ్మా, ఈయన డోనర్ కాదు. ఈయన కూడా పేషెంటే."

"మల్లోసారి సూడున్రి సార్," అన్నాడు ప్రభాకర్. "పొద్దున ఏం తినలే, గందుకే గట్లొచ్చిందేమో."

డాక్టరు తల అడ్డంగా ఊపారు. ఇంటికొచ్చాక మా ఆయన గోడకు తిరిగి, "వాడు సగం గోలీతోని బతుకుతడనుకున్ననే," అని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది. ఆ రోజు డయాలసిస్ వార్డు టీవీలో డప్పులు, రంగులు. మా ఆయన పక్క బెడ్ మీది పెద్దాయన, "రాష్ట్రమైతె వచ్చింది, మన కార్డు ఉంటదా బిడ్డా?" అని టెక్నీషియన్‌ను అడిగాడు. "నాకేం తెల్సు తాతా," అన్నాడతను. కొత్త సర్కారు ఏం చేస్తుందో తెలియదు. నన్నడిగితే మాత్రం, ముందు గల్లీలో బీపీ చూసి నెలనెలా గోలీలు ఇచ్చే డాక్టరును పెట్టమంటాను.

చదివే మీకు చెప్పేది ఒక్కటే. డాక్టరు రాసిన గోలీ మీరొక్కరే, రోజూ వేసుకోండి. పక్కవాళ్ల మీద ప్రేముంటే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, మీ మందులో మాత్రం వాటా పెట్టకండి.

ప్రభాకర్ ఇప్పుడు సొంత గోలీలు వేసుకుంటున్నాడు. ఆదివారం చర్చి నుంచి మా ఇంటికొస్తే నా ముందరే మింగిస్తాను. మా ఆయనకు నీళ్లు కొలిచి ఇవ్వాలి, ఎక్కువ తాగకూడదు. తమ్ముడి చేతిలో గ్లాసు చూసి, "నిండుగ తాగురా, నా వాటా గూడ తాగు," అంటాడు.

మొన్న ఆదివారం ప్రభాకర్ గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ, "ఈ బూట్లు జర బిగుతైనయి వదినా," అన్నాడు.