తొంభై ఎనిమిది పాయింట్ ఆరు

నా చిన్న కూతురు జ్వరంతో కాలిపోయిన ఆ వారమంతా నేను పిల్లల వార్డులో ఊళ్ళోవాళ్ళ పిల్లల జ్వరాలు చూస్తూ ఉన్నాను. చంకలో థర్మామీటరు పెట్టడం, చెయ్యి దగ్గరగా అదిమి పట్టుకోవడం, తీసి కిటికీ వెలుతురుకి తిప్పి చూడడం, చార్టులో రాయడం. మధ్యాహ్నం అన్నం వేళకి వరండా చివరికెళ్ళి ఇంటికి ఫోన్ చేసేదాన్ని. చెల్లెలి జ్వరం ఎంతుందని మా పెద్దదాన్ని అడిగేదాన్ని. అది చెప్పేది. నేను నమ్మేదాన్ని.

మాది కింద మైదానం నుంచి వచ్చిన కుటుంబం. మా మామగారు విజయనగరం వైపు నుంచి ఘాటీ ఎక్కి సంతల వ్యాపారానికొచ్చి, అరకు అవతల ఊళ్ళో ఉండిపోయారు. సంతల వ్యాపారమంటే ఒకచోట కొట్టు పెట్టుకుని కూర్చోవడం కాదు. రోజుకో ఊళ్ళో సంత. ఉప్పు, ఎండు చేపలు, సబ్బులు, చెప్పులు, ప్లాస్టిక్ బిందెలు ఆటోలో వేసుకుని చీకటి ఉండగానే బయల్దేరితే మళ్ళీ పొద్దుగూకాకే ఇల్లు చేరడం. మామగారు పోయాక మా ఆయన, మా అత్త ఆ పని చేస్తున్నారు. ఒకరు బేరమాడాలి, ఒకరు సరుకు కాయాలి, ఇద్దరూ వెళ్ళక తప్పదు.

ఇద్దరు పిల్లలు పుట్టాక నాకు నర్సింగులో సీటొచ్చింది. స్కూలు మా ఊరికి బస్సులో రెండు గంటల దూరం, హాస్టల్లో ఉండాలి, శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం వెళ్ళిపోవాలి. అత్త నోరు నొక్కుకుంది.

"పిల్లలు సదువుకునే టయానికి తల్లి సదువుకుంటాదంట. ఇదెక్కడి ఇడ్డూరమే?"

సరిగ్గా ఆ ఏడే మా ఊరి బడికున్న ఒక్క మాస్టారినీ వేరే ఊరికి వేశారు. పక్క ఊరి బడికి గెడ్డ దాటి వెళ్ళాలి, వానాకాలం ఆ గెడ్డ పొంగితే పెద్దవాళ్ళే దాటరు. ప్రైవేటు బడి వ్యాను మా మలుపు దాకా రాదు. పెద్దదాన్ని కింద ఊళ్ళో హాస్టల్లో వేస్తే ఏడాది తిరక్కుండా ఒళ్ళంతా గజ్జితో, నోట్లో మాట లేకుండా తిరిగొచ్చింది. దాని చేతి వేళ్ళ మధ్య పుళ్ళు చూసి నేను ఒంటికాలి మీద లేచాను. నా పిల్లలకి నేనే చెప్పుకుంటాను, ఎవరి బడీ అక్కర్లేదు అన్నాను.

"నర్సమ్మవీ నువ్వే, పంతులమ్మవీ నువ్వేనేటే?" అంది అత్త. "ఇంకా నయం, బస్సు కూడా నువ్వే నడుపుతానన్లేదు."

మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పట్లో నవ్వగలిగేదాన్ని.

చచ్చీచెడీ ఆ బడి నడిపాను. ఆదివారం పొద్దున్న అరుగు మీద పలకలు, సుద్దముక్కలు. చిన్నదానికి అయిదేళ్ళు. అ ఆలు రాస్తూ మధ్యలో కోడిపిల్లల వెంట పరిగెత్తేది. పెద్దదానికి తొమ్మిది. అది అలా కాదు. హాస్టల్ నుంచి వచ్చాక దానికి భయం పట్టుకుంది, తప్పు చెప్తే ఎక్కడ మళ్ళీ పంపేస్తానో అని. నేనెప్పుడూ అలా అనలేదు. కానీ అడిగినదానికి జవాబు రాకపోతే నేను విసుక్కునేదాన్ని. నిద్ర లేని ఒళ్ళు, సాయంత్రం బస్సు, రేపు పరీక్ష. గబుక్కున నోరు జారేది.

మిగతా రోజులు పగలంతా ఇంట్లో పిల్లలిద్దరే, వాళ్ళకి ఫోన్ బడి. ఇంట్లో ఒక ఫోన్ పెద్దదాని దగ్గర వదిలేదాన్ని. మధ్యాహ్నం అది పెరటి గోడ ఎక్కి కూర్చుంటే సిగ్నల్ అందేది. ఏడో ఎక్కం చెప్పమనేదాన్ని. గడగడా చెప్పేసేది. నా పరీక్షలప్పుడు నా పాఠాలు కూడా దానిచేతే అడిగించుకునేదాన్ని. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు ఉన్నట్టు ముక్కు మీద వేలు పెట్టుకుని నన్ను అడిగేది. "నార్మల్ పల్స్ ఎంతమ్మా? నార్మల్ టెంపరేచర్ ఎంత?" నేను చెప్తే "శభాష్" అనేది, అచ్చం నాలాగే. నేను తడబడితే అదే చెప్పేసేది. నాకంటే ముందు దానికే వచ్చేశాయి అంకెలన్నీ. హాస్టల్ గదిలో అందరితో చెప్పుకుని మురిసిపోయేదాన్ని, మా గుంట నాకంటే బేగి నర్సయిపోతుందని.

శ్రావణంలో వానలు మొదలయ్యాయి. ఆ ఆదివారం చిన్నది కోడిపిల్లల వెంట పడలేదు. నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. ముందు రోజు వానలో తడిసిందట. జలుబు జ్వరమే అనుకున్నాను. అయినా ఈ కొండల్లో వానాకాలపు జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదని నాకు తెలుసు, తెలియకపోవడమేమిటి, వార్డు నిండా అవే కదా. ఉండిపోవాలనిపించింది. కానీ నా హాజరు అప్పటికే అంచు మీద ఉంది. అంతకుముందు పిల్లల కోసమే చాలా సెలవులు పెట్టాను. ఇంక ఒక్క రోజు తగ్గినా ఆ ఏడు పరీక్ష రాయనివ్వనని ట్యూటరు ముందే చెప్పేసింది.

ఇంట్లో డిజిటల్ థర్మామీటరుకి బ్యాటరీ అయిపోయింది. నా సంచిలో గాజుది, పాదరసంది ఉంది. పెద్దదాన్ని పిలిచి చూపించాను. ఇలా విదిలించాలి, ఇలా చంకలో పెట్టాలి, తీసి ఇలా మెల్లగా తిప్పితే లోపల వెండి గీత కనపడుతుంది, అది ఎక్కడ ఆగితే అంత. తిప్పి చూపించాను. కనపడిందా అన్నాను. తల ఊపింది. బయట, బస్సు దగ్గర దింపే ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

"నార్మల్ ఎంత?"

"తొంభై ఎనిమిది పాయింట్ ఆరు."

"శభాష్. వంద దాటితే ఏం చెయ్యాలి?"

"ఊళ్ళో ఆశా వర్కరు అక్క దగ్గరికి తీసుకెళ్ళి రక్తం పరీక్ష సేయించాలి. నీకు ఫోన్ సెయ్యాలి."

ఇంకేం కావాలి? నా బంగారం అని దాని నెత్తి మీద ముద్దు పెట్టుకుని బస్సుకి పరిగెత్తాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాను. చెల్లికి ఎంతుంది అని అడిగాను. "తొంభై ఎనిమిది పాయింట్ ఆరు" అంది. గుండెల మీద నుంచి బరువు దిగింది. అన్నం తినగలిగాను. ఆ మర్నాడూ అదే చెప్పింది. ఆ మర్నాడూ అదే. మూడుసార్లూ శభాష్ అన్నాను. ఏం తిందంటే గంజి తాగిందంది. పడుకుందంది. జ్వరం తగ్గాక నీరసం ఉంటుందిలే అనుకున్నాను. సగం నర్సుని కదా, ప్రతిదానికీ నా దగ్గర ఒక సమాధానం ఉంటుంది.

ఆ రోజుల్లోనే మా వార్డులో ఒక అమ్మాయి, నా తోటి స్టూడెంటే, చూడకుండానే అన్ని చార్టుల్లోనూ ఒకే అంకె వేసేసింది. సిస్టరుగారు పట్టుకున్నారు.

"ఏటమ్మా, ఇన్ని మంచాల్లోనూ ఒకటే టెంపరేచరా? వీళ్ళు పిల్లలనుకున్నావా, గోడ గడియారాలనుకున్నావా?"

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గంట ముందే నా కూతురు మూడోసారి అదే అంకె చెప్పింది నాకు. మూడు రోజులు, పాయింటు తేడా లేకుండా. నా బుర్రకి తట్టలేదు.

ఇంట్లో ఏం జరుగుతోందో తర్వాత తెలిసింది. మధ్యాహ్నం చలి పుట్టి, పళ్ళు టకటకా కొట్టుకుని, జ్వరం పెట్రేగిపోయేది. పెద్దది ఉన్న దుప్పట్లన్నీ కప్పి చెల్లెలి మీద పడుకునేది, వణుకు ఆగాలని. సాయంత్రానికి చెమట పట్టి ఒళ్ళు చల్లబడేది. సంత నుంచి వాళ్ళు వచ్చేసరికి చిన్నది సొమ్మసిల్లి నిద్రపోయి ఉండేది. అత్త దాని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే చల్లగా ఉండేది. మా ఆయన అడిగితే పెద్దది, అమ్మకి ఫోన్లో చెప్పాను, నార్మలే అనేది. వాళ్ళమ్మ నర్సు కాబట్టి ఆయన నిశ్చింతగా ఉన్నాడు. కూతురు అంకె చెప్తోంది కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ అంకె ఏమో నేను నేర్పిందే.

నాలుగో రోజు వానకి సంత చెదిరిపోయి వాళ్ళు మధ్యాహ్నమే ఇంటికొచ్చారు. నేను కొండమీది కోదు గిరిజనుల పిల్లాడికి సెలైన్ ఎక్కిస్తుంటే ఫోన్ మోగింది. అత్త.

"పిల్ల కళ్ళు తేలేసిందే! కొట్టుకుంటన్నాదే! ఏటి సెయ్యాలే?"

ఏం చెయ్యాలో నేను పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టకు అని అరిచాను. ఇక్కడికే తీసుకురమ్మన్నాను. సరుకులు వానలోనే కింద పారేసి, అదే ఆటోలో నేనున్న ఆసుపత్రికే తీసుకొచ్చారు. ఘాటు రోడ్డు మలుపుల్లో ఎన్నిసార్లు కొట్టుకుందో దేవుడికే తెలియాలి. గేటు దగ్గర నేను చేతుల్లోకి తీసుకుంటే నిప్పుల కుంపటి ఎత్తుకున్నట్టుంది. నా చేత్తోనే థర్మామీటరు పెట్టాను. నూట అయిదు.

మలేరియా మెదడుకెక్కిందని డాక్టరు చెప్పాడు. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే మాత్రలతో పోయేదని కూడా చెప్పాడు. అలా చెప్పకపోతే ఏం పోయేదో.

పెద్దది వార్డు బయట గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కాళ్ళ నిండా బురద. గాజు థర్మామీటరు పిడికిట్లో పట్టుకునే వచ్చింది. వెళ్ళి దాని భుజాలు పట్టుకుని కుదిపేశాను.

"రోజూ నార్మలని చెప్పావు కదే! ఎందుకు చెప్పావే?"

"గీత కనపళ్ళేదమ్మా," అంది. "ఎంత తిప్పినా కనపళ్ళేదు."

"మరి కనపళ్ళేదని చెప్పాలి కదే!"

అది నా మొహంలోకి చూసింది. "నువ్వు ఎంత అని అడిగావు. తప్పు సెప్తే తిడతావని... నువ్వు నేర్పిందే సెప్పానమ్మా. రోజూ శభాష్ అన్నావు కదా."

అత్త దాన్ని నా చేతుల్లోంచి లాక్కుంది. "ఒదిలేయే గుంటని! అదేటి సేత్తది?" అంది.

విశాఖ పెద్దాసుపత్రికి పంపారు. చాలా రోజులు కళ్ళు తెరవలేదు. తెరిచింది. బతికింది. వచ్చినవాళ్ళందరూ అదే అంటారు, బతికింది కదమ్మా, అదే పదివేలు అని. ఆ మాట అన్నవాళ్ళని బయటికి గెంటెయ్యాలనిపిస్తుంది. కుడి చెయ్యి ముడుచుకుపోయింది, సుద్దముక్క నిలవదు. కుడి కాలు ఈడుస్తుంది. మాట పోయింది. అమ్మా అని కూడా అనదు, ఒక శబ్దం చేస్తుంది, అంతే. కోడిపిల్లలు ఎదురుగా తిరిగితే వాటిని చూస్తూ కూర్చుంటుంది. ఇది మారుతుందని నాకెవరూ మాట ఇవ్వలేదు. మంచి నర్సులు అబద్ధం చెప్పరు, నాకు తెలుసు.

హాజరు చాలక ఆ ఏడు నన్ను పరీక్ష రాయనివ్వలేదు. ట్యూటరు కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. ఏ హాజరు కోసం జ్వరం పిల్లని వదిలి బస్సెక్కానో, ఆ హాజరూ దక్కలేదు. వచ్చే బ్యాచితో మళ్ళీ చేరమంటున్నారు. మా ఆయన వెళ్ళమంటాడు. నేను వెళ్తానో లేదో నాకే తెలియదు. ఎవరిదైనా పిల్ల చంకలో థర్మామీటరు పెట్టి, తీసి, తిప్పి చూడాలి కదా. ఆ వెండి గీత కోసం వెతకడం నా వల్ల అవుతుందా అని పగలంతా అదే ఆలోచిస్తుంటాను.

అరుగు మీద బడి మళ్ళీ మొదలుపెట్టాను. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోంది. చిన్నదాని ఎడం చేతిలో సుద్దముక్క పెట్టి, నా చెయ్యి దాని చెయ్యి మీద వేసి అ దిద్దిస్తున్నాను. నాలుగు గీతలు పడగానే జారిపోతుంది. పెద్దది పక్కనే కూర్చుని, జారిన ప్రతిసారీ తీసి మళ్ళీ ఇస్తుంది. నేను దాన్ని ఏమీ అనడం మానేశాను. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. నీ తప్పు కాదమ్మా అని ఎన్నోసార్లు చెప్పాను. సరే అంటుంది. నేను చెప్పమన్నది చెప్పే పిల్లే కదా, సరే అనే అంటుంది.

నిన్న ఏదో మామూలుగా ఉన్నట్టు ఉండాలని, సుద్దముక్క కోసం వెతుకుతూనే అడిగాను, ఏడారులెంతే అని. పెరటి గోడ మీద కూర్చుని గడగడా చెప్పిన ఎక్కమే. దానికి వచ్చు. పెదాలు కదిలాయి కూడా. ఆగిపోయింది. నా మొహం వైపు చూసింది, చాలాసేపు, గాజు గొట్టంలో గీత కోసం చూసినట్టు.

"ఎంతని సెప్పమంటావమ్మా?" అంది.