మల్లన్న నేర్చిన ప్రైవేట్ ఇంగ్లీషు

నిన్న పొద్దున గ్రూప్‌లో మెసేజ్ చూశాను. మల్లన్న పోయాడని.

నమ్మలేదు. వెంటనే మల్లన్నకే ఫోన్ చేశాను. "పోయినవంటున్నరు, నిజమేనా అన్నా" అని అడుగుదామని.

ఫోన్ వాళ్ల అబ్బాయి ఎత్తాడు.

ఇక అడగాల్సిన పని లేకపోయింది.

మల్లన్నది మెట్‌పల్లి దగ్గర ఊరు. నాది ఆ పక్క ఊరే. రియాద్‌లో, మలాజ్ అనే పేటలో, ఇద్దరిదీ ఒకే రూమ్. పని కూడా ఒకే ప్రైవేట్ స్కూల్లో. నేను ఏసీలు బాగుచేసేవాణ్ని, ఆయన క్లీనింగ్.

గల్ఫ్ వార్ అప్పుడు స్కూల్ మూసేశారు. సైరన్ మోగితే, విషవాయువు రాకుండా కిటికీలకు ప్లాస్టిక్ కవర్లు అంటించుకుని లోపల కూర్చునేవాళ్లం. మేం దేవుణ్ని తలుచుకుంటుంటే మల్లన్న రేపటి కూర ఏంటని అడిగేవాడు.

యుద్ధం అయిపోయింది, స్కూల్ తెరిచారు. పిల్లలు సగం మంది తిరిగి రాలేదు. క్లీనింగ్ వాళ్లను తగ్గిస్తారని, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని మాట వచ్చింది. ఖాళీ ఉన్నది ఒక్కటే పోస్టు. స్కూల్ బస్సులో పిల్లల్ని చూసుకోవడం.

దానికి ఇంగ్లీషు రావాలి.

ఊళ్లో మల్లన్న ఇల్లు గోడల దగ్గర ఆగి ఉంది. ఎగ్జిట్ కొడితే ఆ గోడలు అట్లాగే నిలబడిపోతాయి.

"నాకు ఇంగ్లీషు వస్తది" అన్నాడు.

"ఎప్పుడు నేర్సుకున్నవన్నా?"

"దినాం మాప్ కొట్టుకుంట వింటున్న గద. టీచరమ్మ శెప్తది, పోరగాండ్లు అంటరు. నేను గూడ మెల్లగ అంటా."

నాలుగు ముక్కలు మాట్లాడి చూపించాడు. నాకు ఒక్కటీ అర్థం కాలేదు.

"మన దిక్కు బడి సార్ శెప్పినట్టు లేదు గదనే."

"అది సర్కారు ఇంగ్లీషు తమ్మీ. ఇది ప్రైవేటుది."

నాకు సబబుగానే తోచింది. ఫీజుకు తగ్గట్టు భాష ఉంటుంది మరి.

మా ఇద్దరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. ఆ స్కూల్లో పొద్దున పాఠాలు ఇంగ్లీషులో, మధ్యాహ్నం అదే పిల్లలకు స్పానిష్‌లో.

మల్లన్నది మధ్యాహ్నం డ్యూటీ.

ఇంటర్వ్యూ రోజున ప్రిన్సిపల్ మేడమ్ రూమ్‌లో ఏసీ చెడిపోయింది. దానంతట అదే చెడిపోయింది. అప్పుడు అడిగినవాళ్లకూ ఇదే చెప్పాను.

నేను నిచ్చెన మీద ఉన్నాను. మేడమ్‌ది ఇంగ్లండ్. పక్కన తర్జుమా చేయడానికి ఆఫీసు క్లర్కు యూసుఫ్ భాయ్, కడప ఆయన.

మల్లన్న దండం పెట్టి మొదలుపెట్టాడు. ఆపలేదు. మేడమ్ కళ్లద్దాలు తీసి, ఆయనకు అదే భాషలో జవాబిచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. యూసుఫ్ భాయ్‌కి పని లేకుండా పోయింది.

కాసేపటికి మేడమ్ భాయ్ వైపు తిరిగి ఏదో అంది.

"నువ్వు మాట్లాడేది స్పానిష్ అంట సామీ" అన్నాడు యూసుఫ్ భాయ్. "మేడమ్ అడగతాంది, ఇంగ్లీషు యాడికి పోయిందని."

నిచ్చెన మీద నాకు చెమటలు. ఏసీ లేదు కదా, అందుకే అనుకున్నాను.

మల్లన్న మాత్రం కుర్చీలో ఇంకొంచెం సర్దుకుని కూర్చున్నాడు.

"మేడమ్‌కు శెప్పు భాయ్. గిది రెండు భాషల ఇస్కూలే గద. ఒకటైతే వచ్చె. రెండోది బస్సుల నేర్సుకుంట."

మేడమ్ పెద్ద సెలవుల దాకా టైమ్ ఇచ్చింది. అప్పటికి ఇంగ్లీషు రాకపోతే ఎగ్జిట్.

ఇక బస్సులో ప్రతి పిల్లా ఆయనకు టీచరే. ఎక్కేటప్పుడు ఒక ఇంగ్లీషు మాట చెప్పందే సీటు చూపించేవాడు కాదు. ఆయన తప్పు పలికితే బస్సంతా నవ్వేది. వాళ్లతో కలిసి తనూ నవ్వి, మళ్లీ పలికేవాడు.

నేను అట్లా కాదు. తప్పు వస్తుందేమోనని నోరే తెరవను. అందుకే ఇన్నేళ్లు ఏసీలతో మాట్లాడాను.

సెలవుల ముందు మేడమ్ మళ్లీ పిలిచింది. ఈసారి ఏసీ బాగుంది. నేను బయటే నిలబడ్డాను.

"ఏమాయెనే?"

"అంత ఇంగ్లీషుల్నే శెప్పిన. ఒక్కకాడ ఆగితే ఆమెనే స్పానిష్‌ల అందిచ్చింది. పాస్."

ఉద్యోగం నిలిచింది. ఊళ్లో గోడల మీద స్లాబ్ పడింది. వయసు అయిపోయి తనంతట తాను ఇంటికి వెళ్లేదాకా ఆ బస్సులోనే ఉన్నాడు.

నిన్న ఫోన్‌లో వాళ్ల అబ్బాయిని అడిగాను, ఆఖర్లో నాన్నకు మాట ఉందా అని.

"ఎందుకు లేదు కాకా. దవాఖానల నర్సమ్మది కేరళ. మలయాళం నేర్పుమని ఆమె పానం తీసిండు."

అబ్బాయి ఏడుస్తూనే నవ్వాడు. నేనూ అంతే.

అక్కడ ఏ భాష నడుస్తుందో తెలియదు మల్లన్నా. నువ్వైతే ఈపాటికి మొదలుపెట్టే ఉంటావు.

నిమ్మళంగా ఉండు.