లోపల తెగిన పోగులు

ఈ మాట ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే, ఎవరికో తెలిసిపోయిందేమోనని ఇప్పటికీ ఎత్తను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

తిరుపతిలో ఒక చిన్న ప్రయోగశాలలో, కాలు పోయినవాళ్లకు కార్బన్ ఫైబర్ పాదాలు తయారుచేసేవాళ్లం. కార్బన్ పోగుల్లో కరెంటు పారుతుంది. లోపల పోగులు తెగితే ఆ కరెంటుకు అడ్డు పెరుగుతుంది. పైకి గీత కూడా పడకపోయినా మీటరు పట్టేస్తుంది. పాదాలకు వైర్లు అతికించి కొలిచే పని రేవతిది. నాకంటే చిన్నది, నాకంటే చురుకైనది. నా కుర్చీ మీద కన్నేసిందని నా అనుమానం.

పలమనేరులో పాలవ్యాను నడిపే మునిరత్నానికి ఒక పాదం సిద్ధంగా ఉంది. బరువైన ఇనుప దిమ్మె నా చేతిలోంచి జారి దానిమీద పడింది. తిప్పి తిప్పి చూశాను. ఏమీ కనబడలేదు. చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

మర్నాడు రేవతి దాన్ని కొలిచి, నా దగ్గరికి వచ్చింది.

"సార్, రీడింగు పెరిగిండాది. లోపల ఏందో తెగినట్టుండాది."

"నీ అతుకే వదులై ఉంటాది. సూడుపో."

"రెండు మార్లు సూసినాను సార్. అతుకు బాగుండాది. దీనిమీద ఏమన్నా పడిందా?"

"ఈడ ఏం పడతాది?"

ఆమె నా ముఖంలోకే చూసింది. తెలిసే అడిగిందా? నన్ను పట్టించాలనా? ఇప్పుడు ఒప్పుకుంటే రేపు నా స్థానంలో తనే ఉంటుందనుకున్నాను. ఆమె వెళ్లాక ఆ వైర్లు పీకి కొత్తవి అతికించాను. పెరిగిన రీడింగునే మొదటి రీడింగుగా రాసిపెట్టి, తేడా కనబడకుండా చేసి, పాదాన్ని పంపించేశాను.

మునిరత్నం వ్యాను దిగుతుండగా ఆ పాదం విరిగింది. కిందపడి తుంటి ఎముక విరిగింది. మళ్లీ స్టీరింగు పట్టలేదు. విచారణలో, రేవతి వైర్లు సరిగా అతికించలేదని, అందుకే లోపం బయటపడలేదని చెప్పాను. ముందే హెచ్చరించానని ఆమె మొత్తుకుంది. పెద్దవాణ్ని కాబట్టి నన్నే నమ్మారు. ఆమె ఉద్యోగం పోయింది.

తర్వాతెప్పుడో చిత్తూరు బస్టాండులో ఎదురైంది. "బాగుండారా సార్?" అని నవ్వింది. ఆ నవ్వునూ అనుమానించాను. ఏం మనిషిని నేను?

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు.

రేవతి సరిగ్గానే కొలిచింది. ఆ రోజే నాకు తెలుసు. ఇంత చిన్న మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.