ఓర్చుకోమన్న మాట

కాటా అక్కకు కోపమెక్కువని క్వారీ దారిలో తిరిగే లారీ డ్రైవర్లందరికీ తెలుసు. పద్నాలుగేళ్ళుగా ఆవిడ అక్కడ లారీలు తూచే కాటా పక్కన గాజు కిటికీ గదిలో కూర్చుంటోంది. కంకర లారీ వచ్చి ఇనుప పలక మీద ఆగుతుంది, ఎదుటి డబ్బాలో ఎర్రంకెలు వెలుగుతాయి, ఆవిడ బరువు చీటీ కిటికీలోంచి చాపుతుంది. పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఇంటిదగ్గరి కూరగాయల దుకాణంలో కూడా కాటా అక్కే.

ఒకప్పుడు ఆవిడ నూట ముప్పై ఒక్క కిలోలు. "అక్కా, కాస్త అటు జరుగు, నా లారీ టన్ను ఎక్కువ చూపిస్తోంది" అని డ్రైవర్లు కూసేవాళ్ళు. "నీ నోరు కిందికి దించరా, రెండు టన్నులు తగ్గుతుంది" అనేది ఆవిడ. జనం నవ్వేవాళ్ళు, ఆవిడా నవ్వేది. ఆ నవ్వు ఇంటికెళ్ళేదాకా ఉండేది కాదు.

ఆ మాటలు పడలేక కాదు ఆవిడ పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకుంది. పదకొండు గంటలకు, పలక మీద లారీ ఉండగానే, కుర్చీలో నిద్రపోయేది. రాత్రి ఊపిరి ఆగి ఆగి ఆడేది. మోకాళ్ళు మెట్లు ఎక్కనివ్వలేదు, సుగరు మాత్రలకు లొంగలేదు. చివరికి డాక్టరు కడుపు కోసి, పొట్టలో అరటిపండంత సంచి మిగిల్చి కుట్టేశాడు. ఏడాది తిరిగేసరికి యాభై రెండు కిలోలు తగ్గింది.

అప్పుడు మొదలైంది అసలు కోపం. లావని నవ్వినవాళ్ళే ఇప్పుడు "అయ్యో, ఏదైనా పెద్ద జబ్బా అక్కా?" అని జాలిపడ్డారు. ఆడపడుచు ఇంటికొచ్చి ఎగాదిగా చూసింది. "మేం నోరు కట్టుకుని తగ్గాలి. నువ్వేమో కోయించుకుని తగ్గావు. అదృష్టం వదినా!"

"అవునమ్మా, అదృష్టమే" అంది కాటా అక్క. "గ్లాసుడు నీళ్ళు తాగడానికి గంట పట్టే అదృష్టం. దువ్విన ప్రతిసారీ గుప్పెడు జుట్టు చేతికొచ్చే అదృష్టం. నీకూ పట్టాలని మొక్కుకోమంటావా?"

ఆడపడుచు ముఖం ముడుచుకుని వెళ్ళిపోయింది. ఎలక్ట్రీషియన్ అయిన మొగుడు, రోజుకు పది మాటలు మించి మాట్లాడని మనిషి, చేతిలో వైరు చుట్టుకుంటూ, "పనిలో పనిగా ఆ కోపం కూడా కోయించుకుంటే పోయేది" అన్నాడు.

ఆసుపత్రిలో రోగులకు ధైర్యం, సలహాలు చెప్పే కౌన్సిలరమ్మ ఒకావిడ ఉండేది. ఎప్పుడూ నవ్వుముఖమే. "మీలాంటివాళ్ళు కొత్తవాళ్ళతో మాట్లాడితే వాళ్ళకి ధైర్యంగా ఉంటుంది" అని అడిగింది. కాటా అక్క సరేనంది. తనకు అలా చెప్పేవాళ్ళు లేక మొదటి నెలంతా స్నానాల గదిలో కూర్చుని ఏడ్చిన సంగతి ఆవిడకు గుర్తుంది.

అలా లారీకీ లారీకీ మధ్య ఫోన్లు మొదలయ్యాయి. "ముద్ద నోట్లోనే నీళ్ళయ్యేదాకా నమలమన్నానా లేదా? తింటూ నీళ్ళు తాగకు, అరగంట ఆగు. ముందు గుడ్డు తిను, కడుపులో చోటు మిగిలితే మిగతావి. ఐస్‌క్రీం తిన్నావా? ఒళ్ళంతా చెమటలు, గుండె దడా? పడుకో, తగ్గుతుంది. ఇంకోసారి తిన్నావంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యకు. మాత్రలు బతికున్నన్నాళ్ళూ వేసుకోవాలి, జుట్టు మళ్ళీ వస్తుంది, పెట్టెయ్, బండొచ్చింది." తిట్లు తినడానికే ఫోన్ చేసేవాళ్ళు కొందరు. నువ్వు తిడితే నిమ్మళంగా ఉంటుందక్కా అనేవాళ్ళు. ఆ మాటకు ఆవిడ లోలోపల పొంగిపోయేది. ఇక్కడే కాలు జారింది.

ఒక మధ్యాహ్నం డ్రాయింగ్ టీచరమ్మ ఫోన్ చేసింది. యాభై ఏళ్ళ మనిషి, ఆపరేషన్ అయి రెండు నెలలు. బయట ఆరు లారీలు వరసలో హారన్లు మోగిస్తున్నాయి.

"పది రోజులుగా ఏం తిన్నా వాంతేనమ్మా. నీళ్ళు కూడా నిలవట్లేదు. పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి. చెప్పు ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియట్లేదు."

"నాకూ అయ్యాయి వాంతులు" అంది కాటా అక్క, ఒక చేత్తో చీటీ చాపుతూ. "అందరికీ అంతే టీచర్ గారూ. కొన్నాళ్ళు ఓర్చుకోవాలి. కంగారు పడకండి."

టీచరమ్మ ఓర్చుకుంది. చెప్పిన మాట వినే మనిషి. పన్నెండు రోజులు ఓర్చుకుని, పదమూడో రోజు బడి వరండాలో పిల్లల ముందు కూలబడిపోయింది. రోజుల తరబడి వాంతులైతే ఒంట్లో ఒక విటమిన్ అడుగంటిపోతుందనీ, నరాలు దెబ్బ తింటాయనీ, తిమ్మిరి మొదలైన రోజే వచ్చి ఉంటే ఇంజెక్షన్లతో తేలిపోయేదనీ డాక్టర్లు అప్పుడు చెప్పారు. టీచరమ్మ నెల రోజులు మంచం మీద ఉంది. లేచాక చేతికర్ర వచ్చింది.

ఆవిడ ఇంకా మంచం మీద ఉండగానే కాటా అక్క చూడ్డానికి వెళ్ళింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. టీచరమ్మే అంది: "నువ్వు డాక్టరువి కాదు కదా. నాకే తెలిసుండాలి." తిట్టి ఉంటే బాగుండేది. ఆ మెత్తటి మాట ఆవిడ గొంతులో చేపముల్లులా దిగింది.

మర్నాడే కౌన్సిలరమ్మ దగ్గరికి పోయింది. "ఏవి ఓర్చుకోవాలో, ఏవి ఓర్చుకోకూడదో ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఇవ్వండి. నాబోటి వాళ్ళు చెప్పాల్సింది కాదది. మీరు చెప్పాల్సింది."

"అలా రాస్తే కొత్తవాళ్ళు భయపడతారమ్మా" అంది కౌన్సిలరమ్మ, నవ్వుముఖంతోనే. "మనం ధైర్యం నింపాలి."

కాటా అక్క పళ్ళు నూరుకుని వచ్చేసింది. ఆ రోజు నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ ముందు "వాంతులు ఎన్నాళ్ళుగా? తిమ్మిరుందా?" అని అడిగేది. అడిగినప్పుడల్లా టీచరమ్మ కర్ర చప్పుడు చెవిలో వినిపించేది.

నెలకో శనివారం మధ్యాహ్నం ఆసుపత్రి కింది హాల్లో ఆపరేషన్ అయినవాళ్ళ సమావేశం జరిగేది. ఈసారి వెళ్ళేసరికి హాలు నిండా కొత్త కుర్చీలు, అన్నిటికీ చేతులున్నాయి. ఆపరేషనై వారం కూడా కాని ఒక పెద్దావిడ అందులో పట్టక, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూస్తూ, గోడకు ఆనుకుని నిలబడింది. నూట ముప్పై కిలోల మనుషుల్ని పిలిచి ఇవి వేసినవాణ్ణి తెచ్చి సాయంత్రం దాకా ఇందులోనే ఇరికించాలి అనుకుంది కాటా అక్క. పక్క గదిలోంచి బెంచీ ఈడ్చుకొచ్చి పెద్దావిడను కూర్చోబెట్టింది.

దీపాలార్పి తెర మీద బొమ్మలు వేశారు. అందులో తనే కనిపించింది. ఎడమవైపు ఆసుపత్రి గౌనులో నూట ముప్పై ఒక్క కిలోల కాటా అక్క, కుడివైపు ఇప్పటి కాటా అక్క, తల మీద గీసిన కిరీటం. ఆ గౌనులో ఫొటో తీసేటప్పుడు ఫైలు కోసమన్నారు. ఇప్పుడు తెర మీద వేసేముందు ఎవరూ అడగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ చెవులు మండిపోయాయి. ఐనా ఆ కొత్త పెద్దావిడ కళ్ళల్లో ఆశ చూసి ఊరుకుంది.

తర్వాత అనుభవాలు చెప్పమన్నారు. సెలూన్ నడుపుకునే ఒకతను లేచాడు. ముప్పై ఆరేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. నిలబడటానికి ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"మూడు వారాలుగా వాంతులండీ. మొన్నట్నుంచి అద్దంలో ఒక్క కస్టమరు ఇద్దరుగా కనిపిస్తున్నాడు. కత్తి పట్టుకోవాలంటే భయమేసి షాపు మూసేశాను. నడుస్తుంటే పక్కకి తూలిపోతున్నాను."

"ఈ ప్రయాణంలో ఇవన్నీ సహజమేనండీ" అంది కౌన్సిలరమ్మ. "మీకు రివ్యూ పద్దెనిమిదో తారీఖున ఉంది కదా? అప్పుడు డాక్టరుగారికి చెప్దురుగాని. అప్పటిదాకా కాస్త ఓర్చుకోండి. ఈయన ధైర్యానికి అందరం చప్పట్లు కొడదామా?"

చప్పట్లు మొదలయ్యాయి. కాటా అక్క లేచింది.

"ఆపండి!"

క్వారీలో ఇంజను చప్పుడు మీద వినిపించే గొంతది. చప్పట్లు ఆగిపోయాయి.

"కూర్చోండమ్మా, మీ వంతు ఇంకా రాలేదు."

"నా వంతు ఎప్పుడో వచ్చింది. నేనే మేల్కోలేదు. ఓర్చుకోమన్న ఈ మాట నేనూ అన్నాను, మీరంతా వినండి. టీచరమ్మ తిమ్మిరంటే అందరికీ అంతేనన్నాను. ఆవిడ కర్ర పట్టుకుని నడుస్తోంది. నాకు తెలియక అన్నాను. నీకు తెలుసు కదమ్మా? నెల కిందట నీ గదికొచ్చి చెప్పాను కదా? తెలిసి ఎలా అన్నావు?"

కౌన్సిలరమ్మ ముఖంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. "భయపెట్టకండి, ప్లీజ్" అంది.

"భయపడనీ! భయపడ్డవాడు కాళ్ళతో నడిచి ఇంటికెళ్తాడు." కాటా అక్క సెలూన్ అతని చెయ్యి పట్టుకుంది. "పద తమ్ముడూ. పద్దెనిమిదో తారీఖు దాకా నీ కళ్ళు ఆగవు."

ఎమర్జెన్సీలో బల్ల వెనక గుమాస్తా తల ఎత్తకుండానే, "టోకెన్ తీసుకుని కూర్చోండి. నంబరు బోర్డు మీద పడుతుంది" అన్నాడు.

"ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నాడు ఇతనికి. ఏ నంబరు చూసుకోమంటావు నాయనా? బోర్డు మీద రెండు కనిపిస్తే ఏది తనదనుకోవాలి?"

"రూలండీ..."

ఆవిడ బల్ల మీద అరచేత్తో కొట్టింది. పెన్నుల డబ్బా కింద పడి పెన్నులు నేలంతా దొర్లాయి. "పొట్ట ఆపరేషన్! మూడు వారాల వాంతులు! తూలిపోతున్నాడు! నేను చెప్పిన ఈ మూడు ముక్కలూ లోపలికెళ్ళి డాక్టరుకి చెప్పు. డాక్టరు కూర్చోమంటే కూర్చుంటాం."

కేకలకు లోపలినుంచి డ్యూటీ డాక్టరమ్మే వచ్చింది. వయసులో చిన్నది, కళ్ళ కింద నల్లగా ఉంది. ఆ మూడు ముక్కలూ విని, అతని కళ్ళ ముందు వేలు అటూ ఇటూ ఆడించి చూసి, నర్సు వైపు తిరిగింది. "బెడ్ మీదికి తీసుకోండి. ముందు విటమిన్ ఇంజెక్షన్. అది పడేదాకా గ్లూకోజ్ ఎక్కించొద్దు." తర్వాత కాటా అక్కను చూసి, "మీరేమవుతారు ఇతనికి?" అంది.

"ఏమీ కాను. నాకూ కోశారు, ఇతనికీ కోశారు."

నాలుగు రోజుల్లో సెలూన్ అతనికి ఒక మనిషి మళ్ళీ ఒక్కడిగానే కనిపించాడు. కాళ్ళు సర్దుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ఆ వారంలోనే ఆసుపత్రి మేనేజరు ఫోన్ చేశాడు. సమావేశం పాడైందట, కౌన్సిలరమ్మ మనసు కష్టపెట్టుకుందట, ఇకమీదట రావొద్దట. "ముఖ్యంగా మీ భాషండీ..."

"నా భాష బాగోదు, ఒప్పుకుంటాను. మీరిచ్చే కాగితం బాగుందా? అందులో రంగురంగుల పళ్ళ బొమ్మలున్నాయి. ఎప్పుడు పరుగెత్తుకు రావాలో ఒక్క ముక్క లేదు. ఇంకోటి, ఆ కిరీటం పెట్టిన బొమ్మ రేపటికల్లా తీసెయ్యకపోతే నేనే వచ్చి తీస్తాను." టక్కున పెట్టేసింది.

బొమ్మ తీసేశారు. కొత్త పేషెంట్లకు ఆవిడ నంబరు ఇవ్వడం కూడా మానేశారు. ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. రెండు వారాలు ఫోన్ మోగలేదు. లారీకీ లారీకీ మధ్య కిటికీలోంచి ఎర్ర దుమ్ము చూస్తూ కూర్చునేది, ఎవరిమీద అరవాలో తెలియక చీటీల మిషన్ మీద అరిచేది.

మళ్ళీ కదిలించింది సెలూన్ అతనే. అతని షాపు అద్దానికి ఒక కాగితం అంటించాడు: 'పొట్ట తగ్గించే ఆపరేషన్ అయినవాళ్ళు ఆదివారం మూడింటికి కాటా దగ్గరికి రండి.' ఆవిడను అడగను కూడా లేదు. మొదటి ఆదివారం ఐదుగురు వచ్చారు. డ్రైవర్లు బండి వంతు కోసం కాచుకునే రేకుల షెడ్డులో బెంచీల మీద కూర్చున్నారు. మూడో ఆదివారానికి పద్నాలుగు మంది అయ్యారు. మొగుడు వచ్చి ఫ్యాను బిగించాడు.

నాలుగో ఆదివారం టీచరమ్మ ఆటో దిగింది. కర్ర ఊతంతో నెమ్మదిగా షెడ్డులోకి వచ్చి, సంచిలోంచి అట్టముక్క, లావు బ్రష్షూ తీసింది. "చెప్పు, రాస్తాను" అంది. డ్యూటీ డాక్టరమ్మ సెలూన్ అతనికి రాసిచ్చిన కాగితం చూసి కాటా అక్క చదివింది, టీచరమ్మ తన గుండ్రటి అక్షరాలతో రాసింది. ఒక రోజంతా నీళ్ళు నిలవకపోయినా, వాంతులు ఆగకపోయినా, చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కినా, చూపు చెదిరినా, నల్లటి విరేచనమైనా, జ్వరంతో కడుపు నొప్పి వచ్చినా ఇక్కడెవరినీ అడగొద్దు, ఆసుపత్రికి పో. కింద ఇంకో వాక్యం టీచరమ్మ తనంతట తనే కలిపింది: కాటా అక్కను కూడా అడగొద్దు.

ఎవరో కిసుక్కున నవ్వారు. కాటా అక్క నవ్వలేదు, తీసెయ్యమనీ అనలేదు.

ఆవిడ కోపం తగ్గిందని చెబితే అబద్ధం. బ్యాంకు దగ్గర కాపలా ఉండే ఒకాయన ఐదు నెలలు కనిపించకుండా పోయి, పదకొండు కిలోలు తిరిగి పెరిగి, సిగ్గుతో షెడ్డు బయటే నిలబడ్డ రోజున ఆవిడ నోరు తెరవబోయింది. "అక్కా, ఇతన్ని తిట్టకు" అన్నాడు సెలూన్ అతను. ఆవిడ నోరు మూసుకుని బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చింది. కాసేపటికి ఆయనే చెప్పుకొచ్చాడు, భార్య పోయాక సాయంత్రాలు ఎలా గడపాలో తెలియక బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకున్నానని. ఆ పూట ఎవరూ ఏ సలహా ఇవ్వలేదు.

వానలు మొదలైన ఒక ఆదివారం, అందరూ వెళ్ళిపోయాక, ఆటో కోసం షెడ్డులో కాటా అక్కా టీచరమ్మా ఇద్దరే మిగిలారు. రేకుల మీద వాన దంచుతోంది. టీచరమ్మ కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది.

"నాకు నీ మీద కోపం పోలేదు" అంది ఉన్నట్టుండి. "ఆ రోజు మంచం మీద పెద్ద మనసు చూపించాను గానీ, అది నిజం కాదు. ప్రతి పొద్దునా మంచం దిగేటప్పుడు నిన్ను తిట్టుకుంటాను."

కాటా అక్క బెంచీ కింద పెట్టిన గొడుగు తీసి చేతిలో పట్టుకుంది.

"తిట్టండి టీచర్ గారూ" అంది. "మెత్తగా మాట్లాడినప్పుడే ఎక్కువ మండింది నాకు."

"మరి వచ్చే ఆదివారం రానా?"

"రాకపోతే నేనే ఆటో తీసుకుని మీ ఇంటికొస్తాను. కొత్తగా ముగ్గురు వస్తున్నారు. వాళ్ళకి మిమ్మల్ని చూపించాలి."

"చూపించడానికి నేనేం బొమ్మనా?" అని కసిరింది టీచరమ్మ. ఆటో వచ్చి ఆగింది. కాటా అక్క గొడుగు విప్పి, తను తడుస్తూ, ఆవిడను ఒక్కో అడుగే నడిపించుకుంటూ ఆటో దాకా తీసుకెళ్ళింది.