కంచు గ్రహంలో మొదటి పీట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎనిమిది కంచు కంచాలుండేవి. ఎనిమిదింటినీ రోజుకు రెండు పూటలా చింతపండూ బూడిదా పెట్టి తోమేది మా అత్తయ్య, అంటే మా నాన్నగారి చెల్లెలు. వాటిలో అన్నం తినకూడని మనిషి కూడా ఇల్లు మొత్తానికి ఆవిడొక్కతే. భర్త పోయిన ఆడది కంచులో తినకూడదని మా ఇళ్ళలో నియమం. ఎందుకు తినకూడదయ్యా అంటే ఒక్కరూ చెప్పలేకపోయేవారు గానీ, తినకూడదని చెప్పడానికి మాత్రం అందరికీ నోళ్ళుండేవి. నాకిప్పుడు ఎనభై దాటాయి. ఈ సంగతి ఎత్తితే చాలు, ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. మా అత్తయ్యకు పదకొండో ఏట పెళ్ళి చేశారు. చిన్నపిల్లలకు పెళ్ళి చెయ్యకూడదని అప్పటికే శారదా చట్టం ఉంది. అయితేనేం, పక్కనే యానాం ఉంది కదా, అది ఫ్రెంచివాళ్ళది కదా! పడవెక్కించి అక్కడికి తీసుకెళ్ళి మూడు ముళ్ళూ వేయించి తీసుకొచ్చేశారు. చట్టాన్ని దాటడానికి అంత దూరం ఆలోచించిన బుర్రలు ఆ పిల్ల గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు. రెండేళ్ళు తిరక్కుండా ఆ అబ్బాయి విషజ్వరంతో పోయాడు. పెళ్ళికి పెట్టిన పెట్టెతో ఈవిడ పుట్టింటికి వచ్చేసింది. ఆ పెట్టెలో ఒక కంచు కంచం ఉంది, అంచు మీద చుక్కలు చుక్కలుగా అత్తయ్య పేరు చెక్కించినది. దాన్ని అటకెక్కించారు. ఆవిడకి అరిటాకు వేశారు.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చేనాటికి అత్తయ్యకి పాతికేళ్ళు. ఒంటిపూట భోజనం, అదీ అందరూ తిన్నాక. జుట్టు తీయించనందుకు తన అంత సంస్కర్త లేడని మా తాతయ్య అనుకునేవారు. నిజం చెప్పొద్దూ, ఆయన మరీ దుర్మార్గుడేం కాదు. ముమ్మిడివరంలో ఉన్న అత్తయ్య మామగారు రెండుసార్లు కబురంపారు, 'మా ఆవిడ మంచాన పడింది, కోడల్ని పంపండి' అని. వండడానికీ, ఎత్తిపొయ్యడానికీ మనిషి కావాలన్నమాట. రెండుసార్లూ తాతయ్య పంపనన్నారు. 'అది నా ఇంట్లోనే ఉంటుంది' అన్నారు. ఆ ఒక్క మాట మీదే అత్తయ్య బతుకు నిలబడి ఉంది.

మా ఇంట్లో ఉంటే ఆవిడకి దొరికే సుఖం ఒక్కటే. పుస్తకాలు. మా నాన్నగారు హైస్కూల్లో సైన్సు మాష్టారు. నక్షత్రాల పటాలూ, గ్రహాల బొమ్మలున్న పుస్తకాలూ ఇంటికి తెచ్చేవారు. మధ్యాహ్నం పని తెమిలాక అత్తయ్య చింతపండు మరకల వేళ్ళతోనే వాటి పేజీలు తిప్పేది. మన సూర్యుడిలాంటి సూర్యుళ్ళు ఇంకా బోలెడున్నాయనీ, వాటి చుట్టూ వేరే లోకాలుండొచ్చనీ, అక్కడి మనుషులు మనలాగే ఉండాలని ఏమీ లేదనీ చెప్పింది నాన్నగారే. ఆ ముక్క పట్టుకుని అత్తయ్య ఒక లోకాన్నే తయారుచేసింది.

నూతి దగ్గర చప్టా మీద కూర్చుని కంచాలు తోముతూ నాకు చెప్పేది. దాని పేరు కంచు గ్రహం. అక్కడి సూర్యుడు చిన్నవాడు, ఎర్రటివాడు. అందుకని పొద్దస్తమానూ దీపాలవేళలా ఉంటుంది. చెట్ల ఆకులు కంచువి, గాలేస్తే మోగుతాయి. ఆ లోకం నుంచి ఆకాశనౌకలు బయల్దేరతాయి, ఒక్క అతుకు కూడా లేకుండా ఒకే మూసలో పోసినవి. మనుషులూ కంచే. పుట్టినప్పుడు అప్పుడే తోమిన కంచంలా పసుపుపచ్చగా మెరుస్తారు. పెద్దయ్యేకొద్దీ తేనె రంగు, ఆ తర్వాత బెల్లం రంగు, బాగా ముసలివాళ్ళయ్యాక భుజాల మీదా మోచేతుల మీదా ఆకుపచ్చటి చిలుము. అక్కడ చిలుమే నగ. ఎవరినైనా తోమి మెరిపించాలని చూస్తే అది పెద్ద నేరం, వాళ్ళు బతికిన ఏళ్ళన్నీ గీకేసినట్టే.

"మరి అక్కడ కూడా మొగుళ్ళు చచ్చిపోతారా అత్తయ్యా?" అని అడిగాను ఒకరోజు. నాకు బుద్ధి ఉంటేగా!

అత్తయ్య ఏమీ బాధపడలేదు. చేతిలో ఉన్న కంచాన్ని వేలితో కొట్టింది. ఖంగుమంది. అక్కడ ఒక్కో మనిషికీ ఒక్కో మోత ఉంటుందని చెప్పింది. ఇద్దరు కలిసి బతికితే ఒకరి మోత ఒకరిలోకి వెళుతుంది. ఒకరు పోతే, పోయినవారి మోత ఉన్నవారిలోనే ఉండిపోతుంది. రెండు మోతలున్న మనిషి గుమ్మంలోకి వస్తే అందరూ లేచి నిలబడతారు. మొదటి పీట వాళ్ళది, మొదటి వడ్డన వాళ్ళది. "ఎందుకంటావా? కూర్చున్నది ఒక్కరే అయినా తినేది ఇద్దరు కదే" అంది.

ఈ కథ నాన్నగారికీ తెలుసు. కిటికీ దగ్గర కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వినేవారు. "ఎర్ర సూర్యుడైతే వేడి చాలదమ్మా, గ్రహాన్ని కాస్త దగ్గరికి జరుపు" అని ఒకసారి సలహా కూడా ఇచ్చారు. అత్తయ్య జరిపింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేను మాత్రం చచ్చేదాకా మర్చిపోను.

ఆ ఎండాకాలం అత్తయ్య మామగారు ఈసారి కబురు కాదు, స్వయంగా దిగారు. మర్నాడు భోజనాలయ్యాక తేల్చి మాట్లాడతారని అమ్మ నాన్నగారితో అంటుంటే విన్నాను. అత్తయ్య వెళ్ళిపోతే నాకెవరున్నారు? ఆ ముసలాయనకి మా అత్తయ్య అంటే ఏమిటో తెలియజెప్పాలనుకున్నాను. తెలిస్తే ఆయనే దండం పెట్టి వెనక్కి పోతాడని నా నమ్మకం. తొమ్మిదేళ్ళ బుర్ర!

మా ఇంట్లో పీటలు వాల్చి, పేర్లు చూసి ఎవరి కంచం వాళ్ళకి పెట్టే పని నాది. మర్నాడు ఎవరూ చూడకుండా నిచ్చెనెక్కి అటక మీద నుంచి అత్తయ్య కంచం దించాను. పన్నెండేళ్ళుగా చెయ్యి పడక నల్లబెల్లంలా అయిపోయింది. అంచు పొడుగునా చిలుము. అబ్బ, ఎంత అందంగా కనబడిందో! తోమలేదు. తోమితే నేరం కదా. పరికిణీ కూడా తగలనివ్వకుండా తెచ్చి, వరసలో మొదటి పీట ముందు పెట్టాను. చుట్టూ చిన్న ముగ్గు కూడా వేశాను.

మగవాళ్ళు కాళ్ళు కడుక్కుని వచ్చారు. మొదటి పీట వియ్యంకుడిది కదా. ఆయన కూర్చోబోయి, కంచం చూసి, అలాగే నిలబడిపోయాడు.

"ఏంటండి బావగారూ ఇది? వియ్యంకుడొస్తే చిలుం పట్టిన కంచంలోనా అన్నం పెట్టేది?"

తాతయ్య ముఖం జేవురించింది. వంటింటి వైపు తిరిగి కేకేశారు, ఎవరు పెట్టారని. కంచాలు తోమేది అత్తయ్యే కనుక ఆ కేక ఎవరికి తగిలిందో అందరికీ తెలుసు. నేను ముందుకొచ్చాను. "నేనే పెట్టాను తాతయ్యా. అది ఆయనకి కాదు, అత్తయ్యకి. మొదటి పీట అత్తయ్యదే" అన్నాను. అని ఊరుకున్నానా? కంచు గ్రహం కథంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. రెండు మోతల సంగతీ, అందరూ లేచి నిలబడే సంగతీ, మొదటి వడ్డన సంగతీ. ముసలాయన ఇక లేచి దండం పెడతాడనే అనుకుంటున్నాను.

ఆయన వంగి, వేలు పెట్టి కంచం అంచు మీద పేరు చదివాడు. చదివి, ముట్టుకున్న వేళ్ళు పంచెకి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంది. "మొగుడు పోయినదానికి మొదటి పీటా! పసిదానికి ఇలాంటి మాటలు ఎవరు నేర్పుతారండి? తనంతట తనే అల్లిందంటే మటుకు ఆ నోటికి వాత పెట్టాలి" అన్నాడు.

తాతయ్య వంటింటి తలుపు వైపు చూశారు. తలుపు వెనక అత్తయ్య చీర అంచు కనబడుతోంది. ఆయన గొంతు తగ్గింది. బతిమాలినట్టే అన్నారు, "అమ్మాయ్, పిల్ల ఏదో కల్పించి వాగుతోంది. అంతే కదూ?"

ఆయన ఏం చేశారో నాకు పెద్దయ్యాక అర్థమైంది. కూతురు బయటపడడానికి దారి చూపించారు. ఒక్క 'ఆయ్, అంతేనండి' అంటే చాలు. నాకో వాత పడేది, అత్తయ్య మా ఇంట్లోనే ఉండిపోయేది, పుస్తకాలు ఎప్పటిలాగే చదువుకునేది. కాదంటే వియ్యంకుడి ముందు తాతయ్యకి ఇంక మాట మిగలదు, కూతుర్ని పంపక తప్పదు. ఇదంతా అత్తయ్యకి ఆ క్షణంలోనే తెలుసు. నాకే తెలీదు.

నేను నాన్నగారి వైపు చూశాను. ఆయన చెబుతారనుకున్నాను. సూర్యుళ్ళు ఇచ్చింది ఆయన, గ్రహాన్ని జరిపించింది ఆయన. 'పిల్ల కథ చెబితే తప్పేముందండీ' అన్నా చాలు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

అత్తయ్య తలుపు దాటి బయటికి వచ్చింది. మగవాళ్ళ పంక్తి ముందుకి ఆవిడ రావడం నేనెప్పుడూ చూడలేదు.

"పిల్ల ఒక్క ముక్క కూడా కల్పించలేదండి నాన్నగారూ. కథ నాది. నేనే చెప్పేను" అంది.

చెప్పి, వంగి ఆ కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వియ్యంకుడికి అరిటాకు వేశారు. భోజనాలు జరిగిపోయాయి! అంత జరిగాక మా నాన్నగారి నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ఇంకాస్త నెయ్యి వెయ్యి."

మూడోనాడు పొద్దున్నే కాలవ రేవులో అత్తయ్యని మామగారి వెంట పడవెక్కించారు. అమలాపురం దాకా పడవ, అక్కణ్ణించి ఎడ్లబండి. పెట్టె మోసింది నాన్నగారే. మోయడానికి భుజాలున్నాయి మరి. నావల్లే కదా ఇదంతా అని నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే అత్తయ్య నా ముఖం రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"ఎందుకే ఏడుస్తావ్? నువ్వు పెట్టింది సరైన చోటే. కూర్చోబెట్టడం చేతకానిది వాళ్ళకి. ఎవరైనా నీది తప్పంటే మటుకు ఒప్పుకోకు. ఒప్పుకున్నావో, చంపేస్తాను" అంది, నవ్వుతూనే.

మళ్ళీ నేను ఆవిడని చూసింది బియ్యే పరీక్షలు రాసిన ఏడాది. ముమ్మిడివరం వెళ్ళాను. అత్తగారూ మామగారూ ఇద్దరూ పోయారు, మరిది సంసారానికి చాకిరీ చేస్తోంది. ఆ ఇంట్లో పంచాంగం తప్ప అక్షరమున్న కాగితం లేదు. ముప్పై ఆరేళ్ళ మనిషికి యాభై దాటినట్టున్నాయి. వరండాలో పప్పు ఏరుతూ కూర్చుంది. మాటల్లో కంచు గ్రహం ఎత్తాను.

"ఏ గ్రహమే?" అంది.

నేను మొదటినుంచీ చెప్పాను. ఎర్ర సూర్యుడూ, మోగే ఆకులూ, ఆకాశనౌకలూ, అన్నీ. పప్పు ఏరడం ఆపి వింది, కొత్తగా వింటున్నట్టు. అంతా అయ్యాక, "బావుందే. ఎవరు రాసేరు?" అంది. నువ్వే అత్తయ్యా అన్నాను. "పోవే, నాకంత తెలివెక్కడిది" అని నవ్వేసి మళ్ళీ చేట దగ్గరికి లాక్కుంది. వచ్చేటప్పుడు బస్సులో నేను ఏడవలేదు. పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

తర్వాత స్టీలు కంచాలొచ్చాయి. కంచు నియమం దానంతటదే పోయింది. కంచంలో తిన్నందుకు ఆకాశం ఎవరి నెత్తి మీదా ఊడిపడలేదు. పోతే పోయింది గానీ, 'అయ్యో, ఆ పిల్లకి అన్యాయం చేశాం' అని మా ఇంట్లో ఒక్క మనిషి నోరు తెరిచి అనలేదు. నాన్నగారు పెద్దవారయ్యాక ఒకసారి అడిగేశాను, ఆరోజు ఎందుకు మాట్లాడలేదని. "అప్పటి రోజులు అలాంటివమ్మా" అన్నారు. రోజులట! రోజులకి నోరుండదు. ఆయనకుంది. క్లాసులో గంటలు గంటలు చెప్పిన నోరే అది.

అప్పటినుంచీ నాకొక అలవాటు. ఏ ఇంట్లోనైనా, ఏ ఆఫీసులోనైనా 'ఈ మాట ఎవరన్నారు?' అని ఒకరిని నిలబెట్టి అడుగుతుంటే, నాకు సంబంధం ఉన్నా లేకపోయినా నేను లేచి మాట్లాడతాను. గయ్యాళి అన్నారు, నోటిదురుసు మనిషి అన్నారు. ఆయ్, అవునండి అన్నాను. మొన్న మా మనవరాలు అడిగింది, "అందరూ పోయారు కదా అమ్మమ్మా, ఇంకా ఎవరి మీద నీకీ కోపం?" అని. మా అత్తయ్య తరఫున కోపం తెచ్చుకోవలసినవాళ్ళు ఆ ఇంట్లో నలుగురున్నారు. ఒక్కరూ తెచ్చుకోలేదు. వాళ్ళందరి వాటా కూడా నేనే కోపపడుతున్నాను తల్లీ, అన్నాను.