నెలనెలా కాఫీ కోసం ధవళేశ్వరం దాకా

ఇంటికి నెలనెలా కాఫీపొడి తెప్పించుకునే ఏర్పాటు కోసం ఎవరైనా రైలెక్కుతారా అని మీరు అడగవచ్చు. ఫోనులో నాలుగుసార్లు నొక్కితే అయిపోయే పని. మా పక్కింటివాళ్లూ అదే అన్నారు. నిజం చెప్పాలంటే మేము బయల్దేరింది మా ఆవిడ ముక్కు కోసం.

పోయిన వానాకాలం సత్యవతికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ దాంతోపాటే వాసన పోయింది. పువ్వు, పోపు, ఫినాయిలు, ఏదీ తెలియదు. నాలుక మీద ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయి, అంతకు మించి ఏమీ లేదు. రాజమండ్రిలో చూపిస్తే డాక్టరు గారు దీనికి మందంటూ ఏమీ లేదన్నారు. "రోజూ రెండు పూటలా ఘాటైన వాసనలు పీల్చండమ్మా. లవంగాలు, నిమ్మకాయ, కాఫీపొడి, ఏదైనా సరే. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు" అని చెప్పి పంపేశారు. లవంగాలూ నిమ్మకాయలూ నెలల తరబడి పీల్చింది. ఒకరోజు లవంగాల డబ్బా నా చేతిలో పెట్టి, "ఇది పీల్చినా ఒకటే, గోడ పీల్చినా ఒకటేనండి" అంది. మళ్లీ దాని జోలికి వెళ్లలేదు.

అక్కడితో ఆగినా ఎలాగో సర్దుకునేవాళ్లం. మొన్న వేసవిలో ఒక ఉదయం పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. గ్యాస్ వస్తూనే ఉంది. సత్యవతి అక్కడే పీట మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. నేను బజారు నుంచి వచ్చి గుమ్మంలో కాలు పెట్టగానే గుప్పున కొట్టింది. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి తలుపులన్నీ తెరిచాను. అరుగు మీద కూర్చోబెడితే, "ఏమైందండి, ఏమైంది?" అని అడుగుతూనే ఉంది. ఆ తర్వాత ఆవిడ ఒంటరిగా వంటింట్లోకి వెళ్లలేదు. వంట నా నెత్తిన పడింది. నా వంట సంగతి ఇక్కడ రాయకపోవడమే మీకూ నాకూ మంచిది. ఆ వంట కంటే బాధ, ఇల్లంతా గలగలా తిరిగే మనిషి వరండాలో కుర్చీకి అతుక్కుపోవడం.

అలాంటప్పుడు ఫోనులో ఒక ప్రకటన కనబడింది. ధవళేశ్వరంలో ఒకాయన ఏజెన్సీ కొండల మీద పండిన కాఫీ గింజలు తెప్పించి, తనే వేయించి, నెలనెలా ఇంటికి పంపుతాడట. ఒక్కో తోటది ఒక్కో వాసనట. కావాలంటే స్వయంగా వచ్చి రుచి చూసి ఎంచుకోవచ్చట. సత్యవతికి కాఫీ అంటే ప్రాణం. మా ఊరి కొట్టువాడు చికోరీ ఒక పిసరు ఎక్కువ కలిపితే పొట్లం విప్పకముందే పట్టేసేది. ఆ ముక్కులోకి ఏ వాసనైనా మళ్లీ దూరగలిగితే అది కాఫీ వాసనే అయి ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది. ఆవిడ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. "నా ముక్కు సంగతి ఆయనకు చెప్పకండి. అందరూ జాలిగా చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టుంటోంది."

ఆషాఢమాసం, పొద్దుటి నుంచీ ముసురు. నిడదవోలులో ఏడున్నర దాటాక మెమూ రైలు వచ్చింది. ధవళేశ్వరం నీటిపారుదల ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ ఈ దారిలోనే తిరిగాను గనుక ఏ పెట్టెలో సీటు దొరుకుతుందో నాకు కొట్టిన పిండి. కిటికీ పక్కన ఆవిణ్ని కూర్చోబెట్టాను. ఎదుటి సీట్లో ఉన్నాయన జీడిపప్పు వ్యాపారి, రాజమండ్రిలో బండి మారి తుని వెళ్లాలట.

"ఎందాకండి?" అన్నాడు.

"ధవళేశ్వరమండి. కాఫీపొడి చూసుకోడానికి."

"కాఫీపొడికా? నిడదవోల్లో దొరకట్లేదేంటండి?"

"ఇది వేరే రకమండి. పాలు పొయ్యకుండా తాగేది."

"పాలు లేకుండా తాగాల్సిన ఖర్మ మనకేంటండి, మన పక్క గేదెలు లేకపోతే కదా" అన్నాడాయన చాలా సీరియస్‌గా.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వెనకటి సత్యవతి అయితే ఆయన్ని రాజమండ్రి దాకా ఆటపట్టించేది. ఇప్పుడు కిటికీ ఊచల మీంచి జారుతున్న నీళ్లు చూస్తూ కూర్చుంది. చాగల్లు, పసివేదల, కొవ్వూరు దాటి వంతెన ఎక్కాం. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చాయి. లంకల్లో చెట్ల తలలు మాత్రమే కనబడుతున్నాయి.

రాజమండ్రిలో దిగేసరికి ఎనిమిదిన్నర. స్టేషను బయట హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. అల్లం, జీలకర్ర బాగా పట్టించిన అట్టు. ఎలా ఉందని అడిగాను. "వేడిగా ఉందండి. అంచులు కరకరలాడుతున్నాయి" అంది. ఈ ఏడాదిగా ఏ పదార్థం గురించైనా ఆవిడ చెప్పేది అంతే, వేడో చల్లనో, మెత్తనో గట్టో.

ధవళేశ్వరానికి షేర్ ఆటోలు స్టేషను ఎదురుగానే దొరుకుతాయి. వాన రోజైతే పక్కలకు పట్టా కట్టిన ఆటో చూసుకుని ఎక్కండి, లేకపోతే మాలాగే సగం తడుస్తారు. కాఫీ ఆయన పేరు మురళి గారు, నలభై ఏళ్లుంటాయి. కాలువ ఒడ్డున వాళ్ల పాత బియ్యం మిల్లు గోడౌనులో గింజలు వేయించే మిషను పెట్టుకున్నారు. గేటు దగ్గరికి వచ్చేసరికే ఆ వేపుడు కమ్మగా ముక్కుకు తగిలి నేను నిలబడిపోయాను. తిరిగి చూస్తే సత్యవతి గొడుగు ముడవడంలో మునిగి ఉంది.

పొడవాటి బల్ల మీద అయిదు పింగాణీ గిన్నెలు వరసగా పెట్టారు. ఒక్కో గిన్నె ముందు ఒక చీటీ నిలబెట్టారు, ఆ తోట పేరు, ఆ గింజ వాసన ఎలా ఉంటుందో రాసి. గిన్నెల్లో బరక పొడి వేసి, వేడినీళ్లు పోసి, పైన కట్టిన తెట్టును చెంచాతో తొలగించి, "ముందు వాసన చూడండి, తర్వాత ఇలా జుర్రండి" అని ఆయన ఒక్క చెంచాడు జుర్రున లాగారు. ఆ చెంచాను నీళ్ల గ్లాసులో ఒకసారి ఆడించి పక్క గిన్నెలో ముంచారు. నేనూ సత్యవతీ మొహాలు చూసుకున్నాం.

"ఎంగిలి కదండీ" అంది ఆవిడ మెల్లగా.

ఆయన నవ్వేసి రెండు స్టీలు గ్లాసులు తెచ్చి, గిన్నెలోది కాస్త కాస్త వంచి ఇచ్చారు. అలవాటు ప్రకారం ఇద్దరం గ్లాసు పైకెత్తి పోసుకున్నాం. సగం నా చొక్కా తాగింది. "అలా ఎత్తి పోసుకుంటే వాసన ముక్కుదాకా రాదండి. మీ గ్లాసులు మీవే, మూతి పెట్టి తాగండి" అన్నారు మురళి గారు. మూతి పెట్టి తాగాం. నాకు అయిదూ చేదుగా, ఒకదానికొకటి అన్నదమ్ముల్లా అనిపించాయి.

అప్పుడాయన మూడో గిన్నె సత్యవతి ముందుకు జరిపి, "ఇదెలా ఉందమ్మా?" అని అడిగారు.

ఆవిడ వంగి కళ్లు మూసుకుంది. నేను ఆవిడ మొహం వంకే చూస్తున్నాను. తల ఎత్తి, "బత్తాయి తొక్క వాసనండి" అంది.

"భలే పట్టారమ్మా. ఎవరూ అంత త్వరగా పట్టలేరు" అని మురళి గారు పొంగిపోయారు. నాలుగోది జరిపారు. "ఇది కొత్త బెల్లం" అంది సత్యవతి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొగ పడిందని చెప్పి బయటికి వెళ్లి కాలువ వైపు మొహం పెట్టి కాసేపు నిలబడ్డాను. ఏడాది తర్వాత ఆవిడ నోట ఒక వాసన పేరు విన్నాను.

ఆ ఆనందంలో బేరం కూడా ఆడలేదు. బత్తాయి తొక్క వాసన వచ్చేదే ఎంచుకుని ఆరు నెలలకు కట్టేశాను. గింజ పంపాలా, పొడి పంపాలా, ఏ ఫిల్టరు అని అడుగుతారు. మాది ఇత్తడి ఫిల్టరని చెబితే ఈ నెలది అక్కడికక్కడే మర పట్టించి, కాగితం సంచిలో పోసి, మూతి మడిచి ఇచ్చారు. పొట్లం ఇంకా వెచ్చగా ఉంది. మీరు వెళ్లేటట్టయితే ఉదయమే వెళ్లండి, ఇంట్లో కాఫీ తాగకుండా వెళ్లండి.

మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇస్తే బ్యారేజీ గట్టున కూర్చుని తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాం. తలుపులన్నీ ఎత్తేశారు. ఎర్రటి నీళ్లు హోరుమని దిగువకు పోతున్నాయి. "రేపట్నుంచి వంట నేనే చేస్తానండి. మీరు మీ స్నేహితుల దగ్గరికి వెళ్లి రండి, ఎన్నాళ్లయిందో" అంది సత్యవతి. ఈ మాట కోసమే కదా ఇంత దూరం వచ్చింది అనుకున్నాను. అలాగేనన్నాను.

సాయంత్రం అయిదు దాటాక తిరుగు బండి. ఆఫీసులు వదిలిన వేళ, కిక్కిరిసి ఉంది. సత్యవతికి కిటికీ దగ్గర దొరికింది, నాకు ఎదుటి వరసలో. పొట్లం ఉన్న గుడ్డసంచి ఆవిడ ఒళ్లో ఉంది. కొవ్వూరులో దిగబోతూ ఒకతను బియ్యం బస్తాతో మా మధ్య నుంచి దూరాడు. బస్తా ఆ సంచిని నొక్కుకుంటూ పోయింది.

బండి కదిలింది. తడిసిన బట్టల వాసన, చెమట వాసన నిండిన ఆ పెట్టెలో ఒక్కసారిగా కాఫీ గుమ్మని లేచింది. ఒకళ్ల తర్వాత ఒకళ్లు తల తిప్పారు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా లోపలికి చూశారు.

"ఎవరండీ కాఫీ పట్టుకొచ్చారు?" అన్నారెవరో.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంది నా పక్కనున్న పెద్దావిడ, కళ్లు మూసుకుని.

పొట్లం మూతి విచ్చుకుని, పొడి సత్యవతి లేత పసుపు చీర కుచ్చిళ్ల మీద గోధుమరంగుగా పరుచుకుంది. ఆవిడ కిటికీ బయట ముసురుకు చీకటిపడుతున్న చేలకేసి చూస్తోంది. చూపులన్నీ తన మీద ఉన్నాయని కాసేపటికి గాని పట్టించుకోలేదు. పైట సర్దుకుని, నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏంటండీ, అందరూ నన్నే చూస్తున్నారు?"

నేను ఆవిడ చీర వైపు చూపించాను. "పొడి ఒలికింది" అన్నాను. ఆవిడ ఒళ్లోకి చూసుకుంది. ఒక్కో మడతా విడదీసి, చేత్తో పొడిని మెల్లగా పొట్లంలోకి తోసింది. పసివేదలలో ఆవిడ పక్క సీటు ఖాళీ అయితే నేను సత్యవతి పక్కకు వచ్చి కూర్చున్నాను.

"చీటీల మీద రాసుందండి" అంది నా వైపు చూడకుండా. "ఆయన అంత ఓపిగ్గా అయిదు గిన్నెలు పెట్టి మర్యాద చేస్తే, నాకేం తెలియట్లేదని ఎలా చెప్పను? మీరేమో నా మొహం వంకే చూస్తున్నారు."

"మరి వంట చేస్తానన్నావు."

"చేస్తాననే అన్నాను. ఎన్నాళ్లని మీ చేత చేయించుకోను?"

"మళ్లీ ఆ రోజులా గ్యాస్ వస్తే?"

ఆవిడ పొట్లం మూతి మళ్లీ మడిచింది. నాకు కోపం వచ్చింది, భయం వేసింది. ఆవిడ మాట నమ్మి రేపు నేను బయటికి వెళ్తే ఏమయ్యేదో తలుచుకున్నాను. అరవాలని కూడా అనిపించింది. అంతమందిలో ఏం అరుస్తాను. మురళి గారి కాఫీ మంచిదే. ఆయన మనిషీ మంచివాడే. దారి సులువు, ఒక్కరోజులో వెళ్లి వచ్చేయవచ్చు, మీరెవరైనా వెళ్తామంటే నేను వద్దనను. మా ప్రయాణం మాత్రం బయల్దేరిన చోటికే తిరిగొచ్చింది.

చాగల్లు దాటాక సత్యవతే నోరు విప్పింది. "నెలనెలా వస్తుంది కదండీ. వచ్చినప్పుడల్లా ఎలా ఉందో మీరు నాకు చెప్పండి. ఇప్పుడు వాసన ఎలా వస్తోంది?"

గట్టిగా పీల్చాను. బత్తాయీ లేదు, బెల్లమూ లేదు. జీవితమంతా ఫైళ్లు రాసినవాణ్ని, నాకు ఆ మాటలు ఎక్కణ్నుంచి వస్తాయి.

"పొద్దున్నే మనింట్లో నువ్వు డికాక్షన్ దించుతుంటే వచ్చేది చూడు, అలా వస్తోంది" అన్నాను.



"అది ఎలా ఉండేదో నాకు గుర్తు రావట్లేదండి" అంది.

బండి నిడదవోలులో ఆగింది. సంచి నేను తీసుకున్నాను. వానలో దిగి ఇంటికి నడిచాం.